క్రిస్టీ అయిపోయాక ఏం చదవాలి? బ్రిటిష్ లైబ్రరీ క్రైమ్ క్లాసిక్స్ మీద నా అభిప్రాయం

అగాథా క్రిస్టీ లాంటి పెద్ద పేర్లన్నీ చదివేసి, ఇంకా మంచి డిటెక్టివ్ నవలలు ఏమున్నాయని వెతుక్కునేవాళ్ళకి నేనిప్పుడు ముందుగా చెప్పేది బ్రిటిష్ లైబ్రరీ క్రైమ్ క్లాసిక్స్. ఇదొక సిరీస్. బ్రిటన్‌లో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ ఒకటి బ్రిటిష్ లైబ్రరీకి ఇవ్వాలని అక్కడ చట్టం ఉంది. అందువల్ల బజార్లోంచి ఎప్పుడో మాయమైపోయిన నవలలు కూడా అక్కడి అరల్లో భద్రంగా ఉండిపోయాయి. వాటిలోంచి ఏరి 2012 ప్రాంతం నుంచి మళ్ళీ అచ్చేస్తున్నారు, ఇప్పటికి నూటికి పైగా వచ్చాయి. మార్టిన్ ఎడ్వర్డ్స్ అనే ఆయన, స్వయంగా క్రైమ్ నవలలు రాసే మనిషి, దీనికి సలహాదారు, దాదాపు ప్రతి పుస్తకానికీ ముందుమాట ఆయనదే. ఎక్కువ భాగం 1920 నుంచి 1950ల దాకా వచ్చినవి, అంటే క్రిస్టీ రాస్తున్న రోజుల్లోనే ఆవిడతో పాటు రాసి, ఆ రోజుల్లో బాగానే అమ్ముడుపోయి, రచయిత పోయాక పేరు కూడా మిగలనివి.

వీటి మీద ఆన్‌లైన్‌లో రివ్యూలు చూస్తే సగానికి సగం ఒకటే మాట, "క్రిస్టీ అంత లేదు", రెండు స్టార్లు. ఆ మాట నాకు నచ్చదు. క్రిస్టీ అంత లేదన్నది నిజమే, మలుపుల విషయంలో ఆవిడతో పోటీ పడేవాళ్ళు ఆ తరంలో ఒకరిద్దరు తప్ప ఎవరూ లేరు. కానీ మలుపు ఒక్కటే కొలతగా పెట్టుకుంటే ఈ పుస్తకాల్లో ఉన్న అసలు సరుకు కంటికి ఆనదు. వీళ్ళలో చాలామంది రాయడం మీద బతికినవాళ్ళు కారు, లేదా చాలా ఆలస్యంగా ఆ పనిలోకి వచ్చినవాళ్ళు. ఒకాయన రైల్వే ఇంజనీరు, ఒకాయన అకౌంటెంటు, ఒకాయన విమానాల మీద పుస్తకాలు వేసే పబ్లిషరు, ఒకావిడ పార్లమెంటు సభ్యురాలు. తాము రోజూ చేసే పనిలో హత్య ఎక్కడ ఇముడుతుందో వాళ్ళకి తెలుసు. ఆ పని వివరంగా, నమ్మేలాగా, లోపలి మనిషి చెప్పినట్టు వస్తుంది చూడండి, అది నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఈ సిరీస్‌లో నాకు బాగా నచ్చిన నవలలన్నీ ఆ రకానివే, నచ్చనివి మాత్రం రచయిత తన పని వదిలేసి పాడుబడ్డ కోటలోకో, సొరంగంలోకో, విదేశీ ముఠాల్లోకో పోయినవి.

అన్నిటికంటే ముందు ఫ్రీమన్ విల్స్ క్రాఫ్ట్స్ రాసిన 'ది 12.30 ఫ్రమ్ క్రాయిడన్' గురించి చెప్పాలి, 1934లో వచ్చింది. క్రాఫ్ట్స్ డబ్లిన్‌లో పుట్టి ఉత్తర ఐర్లండ్‌లో రైల్వే ఇంజనీరుగా చేసినవాడు, 1929లో ఉద్యోగం వదిలి పూర్తిగా రాతలోకి వచ్చాడు. మొదటి అధ్యాయంలో ఒక ముసలాయన కుటుంబంతో కలిసి లండన్ పక్కన క్రాయిడన్ ఎయిర్‌పోర్టులో పారిస్ విమానం ఎక్కుతాడు, దిగే టైముకి చనిపోయి ఉంటాడు. ఆ ప్రయాణమంతా మొదటిసారి విమానం ఎక్కుతున్న చిన్నపిల్ల కళ్ళతో చూపిస్తాడు, అది చదువుతుంటే భలే ఉంటుంది. రెండో అధ్యాయం నుంచి కథ వెనక్కి వెళ్ళి, ఆ ముసలాయన మేనల్లుడు చార్లెస్ దగ్గర మొదలవుతుంది. హంతకుడు అతనే. ఇది రహస్యం కాదు, నేను చెప్పి చెడగొట్టిందేమీ లేదు, నవల నడిచే పద్ధతే అది.

చార్లెస్‌కి చిన్న ఎలక్ట్రిక్ మోటార్ల ఫ్యాక్టరీ ఉంది, వారసత్వంగా వచ్చింది. మాంద్యం దెబ్బకి ఆర్డర్లు రావడం లేదు. బ్యాంకు ఇంక అప్పు ఇవ్వనంటుంది. పనివాళ్ళని తీసేయాలంటే మనసొప్పదు, కొత్త మిషన్లు కొంటే తప్ప నిలబడలేడు, కొనడానికి డబ్బు లేదు. పెళ్ళి చేసుకోవాలనుకున్న అమ్మాయి డబ్బు లేనివాడిని చేసుకోనని మొహం మీదే చెప్పేసింది. మామయ్య దగ్గర బోలెడు డబ్బు మూలుగుతోంది, అడిగితే "మా రోజుల్లో కష్టపడేవాళ్ళం" అని క్లాసు పీకుతాడు. ఇక్కడి నుంచి హత్య దాకా అతను ఒక్కో మెట్టూ ఎలా దిగాడో క్రాఫ్ట్స్ రాసిన తీరులో ఎక్కడా నాటకం ఉండదు, అకౌంటు పుస్తకం చూపించినట్టు చూపిస్తాడు, అదే భయం వేస్తుంది. చిన్న పరిశ్రమ పెట్టి బ్యాంకుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మనలో ఎన్ని లేవు, వాళ్ళలో ఎవరు చదివినా ఆ మొదటి వంద పేజీలు వాళ్ళ ఇంటి కథలాగే అనిపిస్తాయి. విషం ఎక్కడ సంపాదించాడు, మామయ్య వేసుకునే అజీర్తి మాత్రల సీసాలోకి అది ఎలా చేరింది, ఆ రోజు తను ఎక్కడ ఉండాలని ప్లాన్ వేసుకున్నాడు, ఇవన్నీ మనకి ముందే తెలుసు. టెన్షన్ అంతా ఎక్కడ దొరికిపోతాడన్నదే. అతని పక్కనే నడుస్తున్నట్టు ఉంటుంది కాబట్టి పోలీసు తలుపు తట్టినప్పుడు మనకే గుండె జారుతుంది.

లోపం కూడా చెప్పాలి. ఆఖర్లో ఇన్‌స్పెక్టర్ ఫ్రెంచ్ కూర్చుని, తను కేసు ఎలా ఛేదించాడో తోటి ఆఫీసర్లకి ముక్కముక్కగా వివరిస్తాడు. మనకి తెలిసిన కథే రెండోసారి. ఓపికున్నవాళ్ళకి అందులో కూడా మజా ఉంది, చార్లెస్ గట్టిగా ఉందనుకున్న ప్రతి ముడీ ఎక్కడ వదులుగా ఉందో అప్పుడు తెలుస్తుంది, కానీ నవల వేడి అక్కడ చల్లారిపోతుందన్నది నిజం. అయినా నేను దీనికి అయిదుకి అయిదే ఇస్తాను.

రెండోది 'డెత్ ఆఫ్ ఆన్ ఎయిర్‌మన్', 1934దే. రాసింది క్రిస్టఫర్ సెయింట్ జాన్ స్ప్రిగ్. ఈ పేరు వినలేదు కదా, కానీ మార్క్సిస్టు సాహిత్య విమర్శ చదివిన తెలుగువాళ్ళకి ఈ మనిషి బాగానే తెలుసు, క్రిస్టఫర్ కాడ్వెల్ అన్న పేరుతో. 'ఇల్యూజన్ అండ్ రియాలిటీ' రాసిన ఆ కాడ్వెలే. కవిత్వం ఎక్కడ పుట్టిందో, సమాజానికి దానితో పనేమిటో మన విమర్శకులు వాదించుకున్నప్పుడు ప్రస్తావనకి వచ్చే ఆ గంభీరమైన పుస్తకం రాసిన మనిషి, అంతకు ముందు పొట్టకూటి కోసం ఏడు డిటెక్టివ్ నవలలు రాశాడు. పదిహేనేళ్ళకే చదువు ఆపేసి పత్రికలో చేరాడు, తర్వాత విమానాల మీద పుస్తకాలూ పత్రికలూ వేసే సంస్థ నడిపాడు, ఎగరడం నేర్చుకునేవాళ్ళ కోసం స్వయంగా పుస్తకాలు రాశాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో విదేశీ వాలంటీర్ల దళమైన ఇంటర్నేషనల్ బ్రిగేడ్‌తో వెళ్ళి 1937 ఫిబ్రవరిలో హరామా దగ్గర చనిపోయాడు. అప్పటికి 29 ఏళ్ళు. 'ఇల్యూజన్ అండ్ రియాలిటీ' అచ్చయింది ఆయన పోయాకే.

ఇంత బరువైన జీవితం వెనక పెట్టుకుని నవల తెరిస్తే లోపల అంతా సరదా. ఆస్ట్రేలియాలో ఏదో మారుమూల ప్రాంతానికి బిషప్‌గా ఉన్న ఒకాయన, తన పరిధి మరీ పెద్దది కాబట్టి విమానం నడపడం నేర్చుకుంటే తిరగడం సులువని ఇంగ్లండ్‌లో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో చేరతాడు. ఆయన చూస్తుండగానే అక్కడి ట్రైనర్ విమానం కూలిపోతుంది. అందరూ ప్రమాదం అంటారు, కాదు ఆత్మహత్య అంటారు కొందరు. శవం దగ్గర కూర్చున్న బిషప్ మాత్రం అది బిగుసుకోవాల్సిన టైముకి బిగుసుకోలేదని గమనిస్తాడు. అక్కడ అంటుకున్న కథ ఎక్కడెక్కడికో పోతుంది, ఎక్కడికో నేను చెప్పను. ఫ్లయింగ్ క్లబ్బు రాజకీయాలు, అప్పుల్లో ఉన్న క్లబ్బుని నెట్టుకొచ్చే మేనేజరమ్మ, విమానం నడిపేవాళ్ళ మధ్య అసూయలు, ఇంజన్ విప్పి చూసే మెకానిక్కులు, ఇవన్నీ చూసిన మనిషి రాసినవని ప్రతి పేజీలో తెలుస్తుంది. చంపిన పద్ధతి కూడా విమానాలు తెలిసినవాడికి తప్ప తట్టదు. ఈ సిరీస్‌లో నేను నవ్వుతూ చదివింది ఇదే. చివర కొంచెం హడావిడి ఎక్కువైంది, ఒక ముప్పై పేజీలు ముఠాల వెంట పరుగు, అంతే. నాలుగున్నర.

కాడ్వెల్ మీద గౌరవం ఉన్న పెద్దవాళ్ళు మన సాహిత్య బృందాల్లో చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఈ నవల గురించి చెబితే "ఆయన ఇలాంటివి కూడా రాశాడా" అని మొహం పెడతారు. రాశాడు, బాగా రాశాడు. థ్రిల్లర్ రాసిన చెయ్యీ, సిద్ధాంతం రాసిన చెయ్యీ ఒకటే. కథ పరుగెత్తుతున్నప్పుడు కూడా ఎవరి దగ్గర డబ్బుంది, ఎవరు ఎవరికి జీతగాడు అన్న లెక్క ఆయన మర్చిపోడు.

అదే దారిలో రేమండ్ పోస్ట్‌గేట్ 1940లో రాసిన 'వర్డిక్ట్ ఆఫ్ ట్వెల్వ్'. ఇది మామూలు డిటెక్టివ్ నవల కాదు, డిటెక్టివే లేడు. ఒకావిడ తన సంరక్షణలో ఉన్న చిన్న పిల్లాడిని ఆస్తి కోసం విషం పెట్టి చంపిందని కేసు. నవల మొదటి భాగంలో కేసు గురించి ఏమీ ఉండదు, జ్యూరీ పెట్టెలోకి వచ్చి ప్రమాణం చేస్తున్న మనుషుల కథలే ఉంటాయి. వాళ్ళలో ఒకావిడ స్వయంగా హత్య చేసి దొరక్కుండా బతుకుతున్న మనిషి. ఇంకో యువతి, యూదు కుటుంబం, ఆ కారణానికే వీధి రౌడీల చేతిలో భర్తని పోగొట్టుకుంది. మరొకాయన మతం తలకెక్కినవాడు. ఎవరి మీద ఎక్కువ పేజీలు పెట్టాడో, ఎవరిని రెండు ముక్కల్లో తేల్చేశాడో అది కూడా ఆలోచించి చేసిందే. తర్వాతి భాగంలో ఆ ఇంట్లో ఏం జరిగిందో చూపిస్తాడు, ఆ తర్వాత కోర్టు, ఆ తర్వాత తలుపులు మూసిన గదిలో పన్నెండుమంది. ఒకే సాక్ష్యం విని ఒక్కొక్కరు తమ జీవితంలోంచి ఒక్కో తీర్పు తీసుకుని వస్తారు.

ఆ పిల్లాడూ, ఆవిడా ఉండే భాగం నన్ను చాలా కలవరపెట్టింది. ఇద్దరిలో ఎవరినీ ఇష్టపడలేం. పిల్లాడికి ఒక కుందేలు ఉంటుంది, అంతకు మించి చెప్పను. మనకి జ్యూరీ పద్ధతి అంటే గుర్తొచ్చేది నానావతి కేసు, భార్య ప్రియుడిని కాల్చి చంపిన నౌకాదళ అధికారిది. 1959లో బొంబాయి జ్యూరీ ఎనిమిదీ ఒకటి తేడాతో నిర్దోషి అంటే జడ్జి ఒప్పుకోకుండా హైకోర్టుకి పంపాడు. ఆ కేసు గురించి ఆసక్తిగా చదివినవాళ్ళు ఈ నవల తప్పకుండా చదవాలి, జ్యూరీ గదిలో ఏం జరుగుతుందో ఇంత నిక్కచ్చిగా రాసిన నవల నేను ఇంకోటి చూడలేదు. పోస్ట్‌గేట్ కూడా వామపక్షం మనిషే, లేబర్ పార్టీ నాయకుడు జార్జ్ లాన్స్‌బరీకి అల్లుడు. తర్వాత 1951లో హోటళ్ళలో భోజనం ఎలా ఉందో మామూలు జనమే రాసి పంపే 'గుడ్ ఫుడ్ గైడ్' మొదలుపెట్టింది కూడా ఈయనే, ఈ రోజు మనం తిన్న ప్రతిచోటా రివ్యూ రాస్తున్నామంటే ఆ అలవాటుకి ముందు నడిచినవాళ్ళలో ఈయనొకడు. నవలకి అయిదు.

'ది డివిజన్ బెల్ మిస్టరీ' దగ్గరికొస్తే నా అభిప్రాయం కొంచెం మారుతుంది. రాసింది ఎలెన్ విల్కిన్సన్, లేబర్ పార్టీ ఎంపీ. 1931 ఎన్నికల్లో ఓడిపోయి ఖాళీగా ఉన్నప్పుడు రాసింది, 1932లో వచ్చింది. అదే ఏడాది, మన స్వాతంత్ర్యం కోసం బ్రిటన్‌లో పనిచేసిన ఇండియా లీగ్ తరఫున కృష్ణ మీనన్‌తో కలిసి మన దేశం వచ్చి ఇక్కడి అణచివేతని చూసి వెళ్ళిన బృందంలో ఈవిడ ఉంది. ఆ బృందం రాసిన రిపోర్టుకి బెర్ట్రండ్ రస్సెల్ ముందుమాట రాశాడు, బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని ఇండియాలో నిషేధించింది. 1936లో నిరుద్యోగులు జారో అనే ఊరి నుంచి లండన్‌కి నడిచి వెళ్ళిన మార్చ్‌కి ముందు నిలబడ్డదీ ఈవిడే, 1945లో విద్యాశాఖ మంత్రి అయింది. ఇంత జీవితం ఉన్న మనిషి రాసిన ఒకే ఒక్క డిటెక్టివ్ నవల ఇది.

పార్లమెంటు భవనంలో ప్రైవేటు డైనింగ్ రూములో హోం మంత్రి ఒక విదేశీ ధనవంతుడితో భోజనం చేస్తున్నాడు. ఓటింగ్ గంట మోగుతుంది, మంత్రి ఓటేయడానికి వెళ్తాడు, గదిలోంచి తుపాకి పేలిన చప్పుడు. పార్లమెంటు లోపల ఎవరు ఎవరితో ఎక్కడ మాట్లాడుకుంటారు, వెయిటర్లకి ఏం తెలుసు, పత్రికలవాళ్ళు ఎక్కడ కాపు కాస్తారు, పార్టీ విప్ ఎంత భయపెడతాడు, ఆడ ఎంపీతో మగ ఎంపీలు ఎలా మాట్లాడతారు, ఇదంతా అద్భుతం. ప్రభుత్వం ఒక డబ్బున్నవాడి అప్పు మీద ఆధారపడితే ఏమవుతుందో ఇంత తేలిగ్గా చెప్పిన నవల ఆ రోజుల్లో అరుదు. కానీ హత్య ముడి మాత్రం బలహీనం, చంపిన పద్ధతి నాకు నమ్మబుద్ధి కాలేదు, హీరో దర్యాప్తు కూడా అటూ ఇటూ తిరగడమే తప్ప పట్టు లేదు. 2018లో వచ్చిన ఈ రీప్రింట్‌కి అప్పుడు ఎంపీగా ఉన్న రేచల్ రీవ్స్ కూడా ముందుమాట రాసింది, ఆవిడ 2024లో ఆ దేశానికి ఆర్థిక మంత్రి అయింది. మిస్టరీగా రెండున్నర, పార్లమెంటు లోపలి బతుకు చూపించినందుకు నాలుగు.

లొరాక్ గురించి వేరే చెప్పాలి. ఈ.సీ.ఆర్. లొరాక్, అసలు పేరు ఈడిత్ కరోలైన్ రివెట్. వేర్వేరు పేర్లతో 70కి పైగా నవలలు రాసి 1958లో పోయాక పూర్తిగా మరుగున పడిపోయింది. ఈ సిరీస్ పుణ్యమా అని ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ అభిమానులున్న రచయితల్లో ఆవిడ ఒకరు. ఆవిడ బతికుండగా అచ్చు కాని 'టూ-వే మర్డర్' అనే నవల కూడా 2021లో వీళ్ళే వేశారు. నా దృష్టిలో మొదలుపెట్టాల్సింది 1945లో వచ్చిన 'మర్డర్ బై మ్యాచ్‌లైట్'. యుద్ధం, లండన్ అంతా బ్లాకవుట్, ఎక్కడా దీపం లేదు. రీజెంట్స్ పార్కులో బెంచీ మీద ఒక కుర్రాడు కూర్చుని ఉంటాడు. వంతెన మీద ఎవరో సిగరెట్ కోసం అగ్గిపుల్ల గీస్తారు, ఆ వెలుగులో ఒక క్షణం మొహం కనపడుతుంది, వెనక ఇంకో మొహం కూడా, పుల్ల ఆరిపోతుంది, దెబ్బ పడిన చప్పుడు. చీకట్లో ఉన్న ఊరికి తప్ప ఇంకే ఊరికీ ఈ హత్య కుదరదు. బాంబులు పడుతున్న రాత్రుల్లో మనుషులు ఎలా నిద్రపోయారు, ఇల్లు పోయినవాళ్ళ కాగితాలు పోతే ఎవరు ఎవరో ఎలా తేల్చారు, సగం కూలిన భవనాల్లో ఎవరు ఎవరితో సర్దుకున్నారు, ఇది చరిత్ర పుస్తకాల్లో ఇలా దొరకదు.

ఆవిడ డిటెక్టివ్ మెక్‌డొనాల్డ్ నెమ్మదస్తుడు, మర్యాదస్తుడు, విచిత్రమైన అలవాట్లేవీ లేవు, అందుకే గుర్తుండడని కొందరంటారు. నాకు అదే నచ్చింది. ఎదుటివాడు చెప్పేది వింటాడు. హంతకుడెవరో సగానికే ఊహించే వీలుందన్నది మాత్రం ఆవిడ నవలల్లో చాలాసార్లు నిజం, ఆ ఒక్కటీ పెద్దగా పట్టించుకోనివాళ్ళకి లొరాక్ మంచి స్నేహితురాలవుతుంది. పల్లెల మీద రాసినవి, ముఖ్యంగా లాంకషైర్ కొండల్లో గొర్రెల కాపర్ల మధ్య నడిచే 'ఫెల్ మర్డర్', 1944ది, వ్యవసాయం తెలిసినవాళ్ళకి ఇంకా నచ్చుతుంది. భూమి వదలని తండ్రి, అలిగి వెళ్ళిపోయి తిరిగొచ్చిన కొడుకు, మనకి వేరే వివరించక్కర్లేదు.

ఇక బాగా అమ్ముడుపోయిన జె. జెఫర్సన్ ఫార్జన్. 'మిస్టరీ ఇన్ వైట్', 1937 నవల, 2014 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో పెద్ద హిట్టయింది, ఈ సిరీస్ పేరు అందరికీ తెలిసింది దానివల్లే. క్రిస్మస్ ముందు రోజు రైలు మంచులో ఇరుక్కుపోతుంది, కొంతమంది దిగి నడిచి ఒక ఇల్లు చేరతారు. తలుపు తీసే ఉంది, చలిమంట రాజుకుని ఉంది, టీ సర్ది ఉంది, మనిషన్నవాడు లేడు. ఈ వంద పేజీలు చదివి పుస్తకం మూసేయగలిగితే ఇది మాస్టర్‌పీస్. తర్వాత ఎప్పుడో జరిగిన పాత హత్య, ఆత్మలంటే నమ్మకమున్న పెద్దమనిషి ఊహలు, చివర పేజీలకి పేజీలు వివరణ. 'సెవెన్ డెడ్' కూడా అంతే, 1939ది. చిల్లర దొంగ ఒకడు సముద్రం ఒడ్డున ఖాళీ ఇల్లనుకుని దూరితే, తాళం వేసిన గదిలో ఏడు శవాలు. ఇంత మంచి ఎత్తుగడ నేను థ్రిల్లర్లలో చాలా తక్కువ చూశాను. దానికి ఆయన చెప్పిన కారణం మాత్రం ఎక్కడో ప్రపంచం అవతల నుంచి పట్టుకొచ్చాడు. ఫార్జన్‌ది ప్రారంభాలు రాసే చెయ్యి. అరవైకి పైగా నవలలు రాసిన మనిషికి ఎత్తుగడల కరువు లేదు, వాటిని ముగించే ఓపిక లేదు. రెండింటికీ మూడు మూడు.

రిచర్డ్ హల్ మీద ఒక్క మాట. ఈయన వృత్తిరీత్యా అకౌంటెంటు. 'ఎక్సలెంట్ ఇంటెన్షన్స్', 1938, ముక్కుపొడి డబ్బాలో సైనైడ్ కలిపి ఒక దుర్మార్గుడిని చంపిన కేసు, కోర్టులో విచారణ జరుగుతుంటుంది కానీ బోనులో నిలబడ్డది ఎవరో మనకి చాలాసేపు చెప్పడు. తెలివైన పని. కాకపోతే స్టాంపుల సేకరణ గురించి వచ్చే పేజీలు నాకు పొడుగనిపించాయి.

ఈ పుస్తకాల్లో మనల్ని ఇబ్బంది పెట్టేవి కూడా ఉన్నాయి. సామ్రాజ్యం రోజుల్లో రాసినవి కదా, నల్లవాళ్ళ గురించి, యూదుల గురించి, ఇండియా నుంచి తిరిగొచ్చిన కల్నళ్ళ గొప్పల గురించి అప్పుడప్పుడు చదవబుద్ధి కాని మాటలు వస్తాయి. ఇటీవలి ప్రింట్లలో దాని గురించి ముందే ఒక గమనిక పెడుతున్నారు, నవలని మాత్రం మార్చడం లేదు. నాకు ఆ పద్ధతి సరైందనిపించింది. పోస్ట్‌గేట్, విల్కిన్సన్ లాంటివాళ్ళు అదే రోజుల్లో ఆ మాటలకి ఎదురు నిలబడి రాశారని కూడా పక్కపక్కన పెట్టి చదివితేనే తెలుస్తుంది.

కథల సంకలనాలు కూడా వేశారు వీళ్ళు. 2017లో వచ్చిన 'ఫారిన్ బాడీస్' అని ఒకటుంది, ఇంగ్లీషు కాని భాషల్లోంచి అనువాదమైన పాత క్రైమ్ కథలు. అందులో జపాన్ ఉంది, బెంగాలీ నుంచి శరదిందు బందోపాధ్యాయ్ డిటెక్టివ్ బ్యోమకేశ్ కథ ఉంది. తెలుగు లేదు. ఉండేందుకు మన దగ్గర సరుకు లేక కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఒక తరం పిల్లలకి ఇంట్లో మనుషుల్లాంటివాళ్ళు. టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్, ఇంకా పేర్లు కూడా గుర్తులేని ఎంతమందో, రైల్వే స్టేషన్ బుక్ స్టాళ్ళలో, అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి మారి అట్టలు ఊడిపోయిన పాకెట్ బుక్కులు. వాటిల్లో సగం పాశ్చాత్య నవలలకి అనుకరణలే అని తీసిపారేసేవాళ్ళున్నారు. అనుకరణ కానివి ఏవో తేలాలన్నా ఎవరో ఒకరు కూర్చుని అన్నీ చదవాలి కదా. చాలావాటి మీద అచ్చయిన సంవత్సరం కూడా ఉండదు, రచయిత ఏ ఊరివాడో, ఏ ఉద్యోగం చేశాడో అట్ట వెనక ఒక్క ముక్క ఉండదు. మనకీ 1954 చట్టం ఉంది, అచ్చేసిన ప్రతి పుస్తకం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి పంపాలని. ఆ పాకెట్ బుక్కులు ఎన్ని అక్కడికి చేరాయో వెతికి, మంచివి ఏరి, ఎడ్వర్డ్స్‌లాగా నాలుగు పేజీల ముందుమాటతో ఎవరైనా వేస్తే నేను ప్రతి ఒక్కటీ కొంటాను. అప్పటి మద్రాసు ఎలా ఉండేదో, టెలిఫోన్ ఎవరింట్లో ఉండేదో, టాక్సీ ఎక్కే డిటెక్టివ్‌ని మధ్యతరగతి ఎంత అబ్బురంగా చూసిందో, ఆ నవలల్లో ఉన్నంత పెద్ద సాహిత్యంలో లేదు.

కొనేవాళ్ళకి కొన్ని మాటలు. పుస్తకం చూడ్డానికి చాలా బాగుంటుంది, అట్ట మీద పాతకాలం బ్రిటిష్ రైల్వే పోస్టర్లు, లోపల అక్షరం కంటికి హాయిగా ఉంటుంది. దిగుమతి సరుకు కాబట్టి ఇక్కడ అచ్చయ్యే పేపర్‌బ్యాక్ కన్నా ఖరీదెక్కువ, ఈబుక్ దొరికితే అది చవక. అమెరికాలో ఇవే నవలలు పాయిజన్డ్ పెన్ ప్రెస్ అనే సంస్థ పేరుతో వస్తాయి, నవల అదే, రెండు చోట్లా ధర చూసుకుని ఏది తక్కువైతే అది తీసుకోండి. ఎడ్వర్డ్స్ ముందుమాట ధైర్యంగా ముందే చదవొచ్చు, హంతకుడి పేరు బయటపెట్టడు, రచయిత జీవితం చెబుతాడు, నాకైతే ఒక్కోసారి నవలకన్నా అదే బాగుంటుంది. ఇంగ్లీషు కష్టం కాదు, చిన్న వాక్యాలు, కాకపోతే లొరాక్ రైతులూ లండన్ కూలీలూ మాట్లాడే యాస మొదట్లో తికమక పెడుతుంది, పైకి చదివితే అర్థమైపోతుంది. డబ్బు లెక్కలు వచ్చినప్పుడు పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు అని గుర్తుపెట్టుకోండి, క్రాఫ్ట్స్ నవలలో అది తెలియకపోతే చార్లెస్ అప్పు ఎంతో తలకెక్కదు.

సిరీస్ మొత్తం వరసగా కొనాల్సిన పని లేదు, ఒక దానికి ఒకటి సంబంధం ఉండదు. పేరున్న పుస్తకం కదా అని 'మిస్టరీ ఇన్ వైట్'తో మొదలుపెట్టి ఆగిపోయినవాళ్ళు నాకు చాలామంది తెలుసు, ఆ తప్పు మీరు చేయకండి. మొదట 'ది 12.30 ఫ్రమ్ క్రాయిడన్', నచ్చితే 'వర్డిక్ట్ ఆఫ్ ట్వెల్వ్', మనసు తేలిక పడాలనుకుంటే రెండింటి మధ్యలో 'డెత్ ఆఫ్ ఆన్ ఎయిర్‌మన్'. లొరాక్ మాత్రం వర్షాకాలానికి దాచుకోండి, ఒకటి చదివితే నాలుగు చదవాలనిపిస్తుంది. చదివాక రివ్యూ రాయండి, రెండే ముక్కలైనా సరే. క్రిస్టీకి మన రివ్యూ అక్కర్లేదు. లొరాక్ లాంటివాళ్ళ తర్వాతి పుస్తకం మళ్ళీ అచ్చు కావాలంటే ముందున్నది అమ్ముడుపోవాలి, అది అమ్ముడుపోవాలంటే బాగుందో లేదో ఎవరో ఒకరు చెప్పాలి.